అత్తమ్మను ఊళ్లో ఉంచామని తిట్టేవాళ్లకు

మొన్న మా దగ్గరి బంధువుల పెళ్లికి వెళ్లాను. భోజనాల దగ్గర వరసకు పిన్ని అయ్యే ఒకావిడ, పదిమందికీ వినబడేలా అంది: "కని పెంచిన తల్లి ఆడ చిరాగ్‌పల్లిల ఒక్కతే ఉంటున్నదట. కొడుకూ కోడలూ ఈడ ఫ్లాటు కొనుక్కొని దర్జాగ ఉంటున్నరు."

నేనేమీ అనలేదు. పెళ్లిలో గొడవ ఎందుకని తలొంచుకుని పెరుగన్నం తినేశాను. ఇంటికొచ్చాక మాత్రం రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆమె ఒక్కదానికే కాదు, అలా అనేవాళ్లందరికీ. అలా అంటారేమోనని భయపడి పెద్దవాళ్లను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టే మనకు కూడా.

చిరాగ్‌పల్లి తెలియనివాళ్ల కోసం చెబుతాను. హైదరాబాద్ నుంచి ముంబై వైపు వెళ్లే హైవే మీద, జహీరాబాద్ దాటాక కర్ణాటక సరిహద్దు దగ్గర ఉంటుంది. అక్కడివాళ్ల మాటల్లో తెలుగు, కన్నడ, ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. పొయ్యి మీద జొన్నరొట్టె లేనిదే పూట గడవదు. మా అత్తమ్మ పదహారేళ్లకు అక్కడికి కాపురానికొచ్చింది. ఇప్పుడు ఆమెకు డెబ్బై ఒకటి.

2022లో దసరా వెళ్లాక మామయ్య పోయారు. కర్మలన్నీ అయిన మర్నాడే మేం అత్తమ్మను కారెక్కించి రామచంద్రాపురంలో మా ఫ్లాట్‌కు తెచ్చేశాం. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. "కొడుకంటే ఇట్లుండాలె" అన్నారు. మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ గర్వంగానే అనిపించింది. అత్తమ్మకు రావాలని ఉందా అని మాత్రం మేం అడగలేదు. అడగాల్సిన పనేముంది అనుకున్నాం.

చిన్న బెడ్రూం ఆమెకిచ్చాం. మంచం, ఫ్యాను, గోడకు టీవీ. వేళకు అన్నం, వేళకు మాత్రలు. బాత్రూంలో జారకుండా రబ్బరు చాప వేశాం. ఏ పనీ చెప్పలేదు. చీపురు పట్టుకుంటే లాక్కున్నాను. కూరగాయలు తరుగుతానంటే "మీరు కూర్చోండి అత్తమ్మా" అన్నాను. మా ఆయన ఉదయం ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. పిల్లలకు కాలేజీలు, ట్యూషన్లు. ఇంట్లో మిగిలేది నేనూ ఆమే. నాకేమో పని.

ఆరు నెలలు తిరక్కుండానే బీపీ పెరిగింది. ఊళ్లో నూట నలభై దాటనిది నూట డెబ్బైకి పోయింది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేది. గుండె దడ అనేది. కాళ్లు గుంజుతున్నాయనేది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, గుండె బాగానే ఉంది, స్ట్రెస్ అన్నారు. నిద్రమాత్ర రాశారు. నాకు కోపమొచ్చింది. ఈమెకు స్ట్రెస్ ఏమిటి? వండేది నేను, ఉతికేది నేను, ఫీజులు కట్టేది మేము. స్ట్రెస్ ఉంటే నాకుండాలి గానీ కూర్చుని తినే మనిషికెందుకు?

ఆ కోపం తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. డాక్టరుగారు స్ట్రెస్ అన్నదాన్ని మా అత్తమ్మ "రంది" అంటుంది. యాభై మూడేళ్లు కలిసి బతికిన మనిషి పోయిన రంది. మోకాళ్లు మాట వినని రంది. మంచాన పడితే ఎవరు చేస్తారన్న రంది. కొడుక్కి బరువైపోతున్నానన్న రంది. ఇన్ని రందులు మోసే మనిషిని తీసుకొచ్చి, వాటిని దించుకునే చోటు మాత్రం లేకుండా చేశాం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబితే నవ్వుతారు. పింఛను వల్ల, ఫ్రీ బస్సు వల్ల తెలిసింది.

అత్తమ్మకు నెలకు 2,016 రూపాయల పింఛను వస్తుంది. అప్పట్లో అది ఊళ్లోనే వేలిముద్ర వేసి తీసుకోవాల్సి వచ్చేది. మొదట్లో మాలో ఎవరో ఒకరం వెంటబెట్టుకుని వెళ్లి, ముద్ర వేయించి, అదే రోజు సాయంత్రానికి వెనక్కి తెచ్చేవాళ్లం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది. అప్పుడు అత్తమ్మ అంది, "నాతోని ఎవ్వరు రావద్దు. ఛార్జీ లేదు గద బిడ్డా, నేనే పోయి నాల్గు దినాలుండి వస్త." నేను భయపడుతూనే బస్సెక్కించాను.

నాలుగు రోజులకు రావాల్సిన మనిషి తొమ్మిదో రోజు వచ్చింది. చేతిలో రెండు సంచులు. ఒకదాంట్లో జొన్నపిండి, ఒకదాంట్లో పచ్చి శనగచెట్లు. మూడో అంతస్తుకు చేరేసరికి ఆయాసపడుతూనే ఏవో కబుర్లు చెబుతోంది. ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి బర్రె ఈనింది, అన్నీ. ఆ రాత్రి పొద్దున ఆరు దాకా నిద్రపోయింది. మర్నాడు బీపీ చూపిస్తే నూట నలభై రెండు. మాత్ర అదే, మోతాదు అదే.

మరుసటి నెలా అంతే. ఆ పైనెలా అంతే. ఊళ్లో వారం ఉంటే బాగుంటుంది, మా దగ్గర మూడు వారాలుండేసరికి మళ్లీ దడ. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది.

ఊళ్లో ఏముంది అని అడిగాను. "ఏముంటది, గా వేపచెట్టు కింద అరుగు" అంది. ఆ అరుగు మీద పొద్దు వాలేసరికి ఐదారుగురు చేరతారు. అందరూ ముసలమ్మలే. సగం మంది మొగుళ్లు పోయినవాళ్లే. ఒకామె మామయ్య గురించి నవ్వొచ్చే ముచ్చట ఏదో గుర్తు చేస్తుంది. ఇంకొకామె ఏడుస్తుంది. మూడో ఆమె "ఊకో, నా మొగడు పోయి పదేండ్లాయె, నేను సచ్చిన్నా" అని కసురుతుంది. మా ఇంట్లో మామయ్య పేరెత్తితే అత్తమ్మ ఏడుస్తుందని మేమంతా ఆ పేరే మానేశాం. దుఃఖం రాకుండా కాపాడుతున్నామనుకున్నాం. నిజానికి ఆ మనిషి గురించి మాట్లాడుకునే దిక్కు లేకుండా చేశాం.

ఇది మా ఇంటి సంగతేనా అని చదవడం మొదలుపెట్టాను. మా అమ్మాయి ఫోన్లో వెతికిపెట్టింది. 1985లో షెల్డన్ కోహెన్, థామస్ విల్స్ అనే ఇద్దరు ఈ విషయం మీద అప్పటికి వచ్చిన పరిశోధనలన్నీ చూసి ఒక మాట చెప్పారు. ఆదుకునే మనుషులున్నారన్న నమ్మకం ఉన్నవాళ్లను, అదే కష్టం తక్కువగా దెబ్బతీస్తుందని. మన భాషలో చెప్పాలంటే, గుంత అదే, బండి అదే. స్ప్రింగులున్న బండిలో కూర్చుంటే నడుము విరగదు. మనుషులే ఆ స్ప్రింగులు.

2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలు, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలు కలిపి చూసింది. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం, లేనివాళ్లకంటే 50 శాతం ఎక్కువని తేల్చింది. 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయితే ఒంటరితనం వల్ల ఏటా 8,71,000 మంది పోతున్నారని అంచనా కట్టింది. అంటే గంటకు వంద మంది.

వీటన్నిటికంటే నన్ను కుదిపేసింది 2003 నాటి ఒక అధ్యయనం. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 423 మంది వృద్ధ దంపతులను ఐదేళ్లపాటు గమనించారు. ఎవరు ఎక్కువ కాలం బతికారు? ఇతరుల నుంచి ఎక్కువ సాయం పొందినవాళ్లు అనుకుంటాం. కాదట. స్నేహితులకు, ఇరుగుపొరుగుకు, చుట్టాలకు తాము సాయం చేసినవాళ్లు. ఇంట్లో ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నవాళ్లు.

అది విన్నాక నాకు చీపురు గుర్తొచ్చింది. కూరగాయల కత్తి గుర్తొచ్చింది. "మీరు కూర్చోండి అత్తమ్మా" అని నేను లాక్కున్నవన్నీ గుర్తొచ్చాయి. మర్యాద అనుకుని ఆమెను ఎవరికీ అవసరం లేని మనిషిని చేశాను. ఊళ్లో ఆమె బాలింతకు నీళ్లు పోయడానికి పిలిచే మనిషి. పెళ్లిళ్లలో పసుపు దంచేటప్పుడు ముందు నిలబడే మనిషి. ఎల్లమావాస్యకు చేనుకు ఏమేం వండుకుపోవాలో చెప్పే మనిషి. మా ఫ్లాట్లో ఆమె "ముసలావిడ". అంతే.

జహీరాబాద్ చుట్టుపక్కల ఈ సంగతి నాకంటే ఎంతో ముందే గ్రహించినవాళ్లున్నారు. పస్తాపూర్‌లోని డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. దాని కింద ఊరూరా పేద ఆడవాళ్ల సంఘాలు ఏర్పడ్డాయి. ఎక్కువమంది దళిత మహిళలే. చిరుధాన్యాలు పండించారు, విత్తనాలు దాచారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. అందరూ పంటల గురించే రాస్తారు గానీ, నాకు కనబడేది వేరే. ఆ సంఘాల్లో వయసు మీదపడ్డ ఆడమనిషికి విలువ పెరుగుతుంది. ఏ నేలకు ఏ జొన్న, ఏ విత్తనాన్ని బూడిదలో కలపాలి, ఏది వేపాకులో పెట్టాలి అన్నది ఆమెకే తెలుసు. పడుచువాళ్లు ఆమె గుమ్మం ముందుకొచ్చి అడగాలి. సంక్రాంతితో మొదలయ్యే పాత పంటల జాతరలో విత్తనాల ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. మాచనూరులో 2008లో ఆ ఆడవాళ్లే సంఘం రేడియో పెట్టుకున్నారు. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు దళిత మహిళలు దాన్ని నడిపించారు. ముసలమ్మల పాటలు, ముచ్చట్లు అందులో వినిపించాయి.

మా అత్తమ్మ ఆ సంఘాల్లో లేదు. కానీ ఆ ఆడవాళ్లకు తెలిసినది ఆమెకూ తెలుసు. తన మాట వినేవాళ్లు, తనను అడిగేవాళ్లు ఉన్నన్నాళ్లూ ముసలితనం మోయగలిగే బరువే. చదువుకున్న మనకే తెలియలేదు.

ఇక నన్ను తిట్టేవాళ్ల మాటలకు వస్తాను.

"టీవీ ఉంది, ఫోనుంది, ఇంకేం కావాలి?" టీవీ మనతో మాట్లాడుతుంది గానీ మన మాట వినదు. పొద్దంతా సీరియల్ చూసిన మనిషి ఒక్కరితో కూడా మాట్లాడలేదని మనకు గుర్తుండదు. శబ్దం వస్తోంది కదా, తోడు ఉందనుకుంటాం.

"కోడలు ఉంది కదా చూసుకోవడానికి?" ఈ మాట దగ్గర నాకు నిజంగా ఒళ్లు మండుతుంది. ఐదారుగురు స్నేహితురాళ్లు, ఇద్దరు తోడికోడళ్లు, వీధంతా కలిసి చేసిన పనిని ఒక్క కోడలు చేయాలట. నేను వండగలను, మాత్రలివ్వగలను, ఆస్పత్రికి తీసుకెళ్లగలను. 1970ల్లో చిరాగ్‌పల్లి ఎలా ఉండేదో నేను గుర్తు చేసుకోలేను. మొగుడు పోయిన బాధ నాకు తెలియదు. నేను కోడలిని, ఊరిని కాలేను. నాకు జ్వరమొస్తే ఆమెకు ఆ రోజు ప్రపంచంలో ఎవరూ లేనట్టే. నాకు చిరాకొస్తే ఆమె ప్రపంచమంతా ఆమెను కసిరినట్టే. ఒకే గుంజకు ఇంటి బరువంతా వేస్తే గుంజా విరుగుతుంది, ఇల్లూ కూలుతుంది. పెద్దవాళ్ల సేవ గురించి ఉపన్యాసాలిచ్చే మగవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేయరు.

"ఫ్రీ బస్సులు పెట్టి ఆడవాళ్లను ఊరికే తిప్పుతున్నారు." అవును, తిరుగుతున్నారు. అక్కను చూడటానికి, ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడికి మొక్కడానికి, పుట్టింటి చావుకు వెళ్లి మనసారా ఏడవడానికి తిరుగుతున్నారు. జీవితమంతా ఛార్జీ డబ్బుల కోసం మొగుడి మొహమో కొడుకు మొహమో చూసినవాళ్లు అరవై దాటాక మొదటిసారి తమంతట తామే బస్సెక్కుతున్నారు. నా లెక్కలో అది తిరుగుడు కాదు, వైద్యం.

"నలుగురూ ఏమనుకుంటారు?" ఇదీ అసలు రోగం. మనం ఏ నలుగురికి భయపడి తల్లిని పట్నం తెచ్చామో, ఆ నలుగురిలో ఒక్కరైనా ఏడాదిన్నరలో ఆమె దగ్గర ఒక గంట కూర్చున్నారా? పెళ్లిలో నన్ను తిట్టిన పిన్ని కూడా రాలేదు. ఫోను కూడా చేయలేదు. ఆమెకు కావాల్సిన నలుగురు వేరు, మనం భయపడే నలుగురు వేరు.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. చాలా మంచిది, కావాలి. కానీ అందులో పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం. మన ఇళ్లలోనూ లెక్క అక్కడితోనే ఆగిపోతోంది. ఆ నాలుగూ ఇచ్చేశాం కాబట్టి బాధ్యత తీరిపోయిందనుకుంటున్నాం. పక్కన కూర్చునే మనిషిని ఏ కోర్టూ ఇప్పించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నేను రాసింది చూపించి "మా అమ్మకూ ఊరే బాగుంటుంది" అని తల్లిని వదిలించుకునే కొడుకులూ కూతుళ్లూ ఉంటారు. మీకు నా మాట అరువివ్వను. డబ్బు పంపకుండా, ముఖం చూపకుండా ఊళ్లో ఉంచడం వదిలేయడమే. ఊరు స్వర్గమనీ నేను అనను. చాలా ఇళ్లకు తాళాలున్నాయి. అరుగు మీదకు అందరినీ ఒకేలా రానివ్వని ఊళ్లున్నాయి. ఒంటరి ఆడదాని పొలం మీద కన్నేసే దాయాదులుంటారు. రాత్రి పూట గుండె నొప్పొస్తే దగ్గర్లో డాక్టరు ఉండడు.

అందుకే 2024లో ఉగాది వెళ్లాక అత్తమ్మను తిరిగి పంపేటప్పుడు ముందు అన్నీ మాట్లాడుకున్నాం. ఈసారి ఆమెనే అడిగి. పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి రోజూ రాత్రి వచ్చి అత్తమ్మ దగ్గర పడుకుంటుంది. వాళ్లింట్లో చదువుకోవడానికి చోటు లేదు, ఇక్కడ ఉంది. పొద్దున రొట్టె చేసి పెట్టేది అత్తమ్మే. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో చెప్పడం కష్టం. ఇంటి తాళంచెవి ఒకటి ఆ పక్కింట్లో ఉంటుంది. మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దిపెడతాను, ఒక్కటి కూడా మానలేదు. గోడ మీద పెద్ద అంకెలతో 108, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, మా నంబర్లు రాశాం. రెండు వారాలకోసారి మేమే వెళ్తాం. మంచాన పడే రోజు వస్తే మా దగ్గరికి తెచ్చుకుంటాం. ఆ మాట ఆమెకూ చెప్పాం, ఆమె ఒప్పుకుంది. "గప్పటిదాంక నన్ను గాడ్నే ఉండనియ్యున్రి" అంది.

అందరికీ ఊరు ఉండదని నాకు తెలుసు. ఊళ్లో ఇల్లు కూలిపోయినవాళ్లు, ఆరోగ్యం సహకరించనివాళ్లు ఉంటారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. పెద్దవాళ్లను తెచ్చుకునే ముందు గది ఉందా అని కాదు, వాళ్లు ఎవరితో మాట్లాడతారు అని అడగండి. కింద వాచ్‌మన్ తల్లితో మాట్లాడితే పరువు పోదు, మాట్లాడనివ్వండి. పాత స్నేహితురాళ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఉల్లిపాయలు వాళ్లనే తరగనివ్వండి, లావుగా తరిగినా సరే. పోయినవాళ్ల పేరు ఎత్తండి, ఏడిస్తే ఏడవనివ్వండి. మా అపార్ట్‌మెంట్‌లో గేటు పక్కన చెట్టు కింద ఒక సిమెంటు బెంచీ వేయమని మూడు మీటింగుల్లో అడిగాను. లుక్కు పాడవుతుందన్నారు. పార్కింగ్‌కు రంగులు వేయడానికి మాత్రం డబ్బులు దొరికాయి. నేను నాలుగోసారి కూడా అడుగుతాను. మీరూ మీ దగ్గర అడగండి.

చివరగా మన సంగతి. మనలో చాలామందికి పెళ్లయ్యాక స్నేహితురాళ్లు పోయారు. మొగుడి ఉద్యోగం ఎటు మారితే అటు వెళ్లాం. పిల్లల స్కూలు గేటు దగ్గర పరిచయమైనవాళ్లు స్కూలు అయిపోగానే దూరమయ్యారు. మనకు డెబ్బై ఏళ్లొచ్చేసరికి తిరిగి వెళ్లడానికి అరుగే ఉండదు. పిల్లలు అమెరికాలో ఉంటారు, వీడియో కాల్ ఆదివారం వస్తుంది. అప్పుడు ఎవరితో మాట్లాడతామో ఇప్పుడే చూసుకోవాలి. వారానికి ఒక్క గంట ఇంటి పని పక్కన పెట్టి ఒక మనిషి దగ్గరికి వెళ్లడం స్వార్థం కాదు. మన ముసలితనానికి మనం వేసుకునే చీటీ అది.

నిన్న సాయంత్రం అత్తమ్మకు ఫోన్ చేశాను. పిన్ని అన్న మాట చెప్పి కాస్త బాధ దించుకుందామని. వెనక గలగలా మాటలు, ఎవరో గట్టిగా నవ్వుతున్నారు. నేను మొదలుపెట్టక ముందే అంది, "మల్ల జేస్త బిడ్డా, ఈడ మంది ఉన్నరు." ఫోన్ పెట్టేసింది.

నా బాధ నాతోనే ఉండిపోయింది గానీ, పిన్నికి జవాబు దొరికింది.